ఫస్ట్ టైమా ఆంటీ?

కాళ్ళు పీకుతున్నాయి, ఈయన గురక మొదలుపెట్టారు. నాకేమో ఆ కుర్రాడి మాటే చెవిలో తిరుగుతోంది.

ఇక్కడ మలేషియాలో తైపూసం కదా, మురుగన్ అంటే మన సుబ్రహ్మణ్యస్వామి పండగ. అమ్మాయి బటు కేవ్స్‌కి తీసుకెళ్ళింది. 140 అడుగుల బంగారు రంగు మురుగన్, పక్కనే 272 మెట్లు. 2018లో మెట్లకి రంగులు వేశారట, కళ్ళు చెదిరేలా ఉన్నాయి. బాగుంది, కాదనను.

మెట్ల కింద తోపులాటలో ఆగిపోయాం. వాలంటీర్ కుర్రాడొకడు నా టోపీ, మెడలో వేలాడే బ్యాగూ చూసి, "ఫస్ట్ టైమా ఆంటీ? భయపడకండి. దీన్ని కావడి అంటారు" అని ఇంగ్లీషులో ఒక్కో ముక్కా విడదీసి చెప్పాడు. పక్కనున్న తెల్లవాళ్ళకి చెప్పింది కూడా అచ్చం అలాగే! కావడి గురించి నాకా? నగరిలో పుట్టినదానికి?

ఆడికృత్తిక పండగ వస్తే చాలు, మా తాత పసుపు పంచె కట్టి, పూల కావడి భుజాన పెట్టుకుని తిరుత్తణి మురుగన్ గుడికి నడిచేవాడు. వెనక మేమంతా హరోంహర అంటూ. ఎండకి తారు కరిగి అరికాళ్ళకి అంటుకునేది. చెట్టు నీడ కనబడితే అవ్వ కూర్చోబెట్టి కొబ్బరినూనెతో రుద్ది తీసేది. నాయనకి మాత్రం వేరే బాధ. 1960లో తిరుత్తణిని మద్రాసు రాష్ట్రానికి ఇచ్చేశారని దారిపొడుగునా తిట్లే. తాత విని విని, "ముందు మెట్లెక్కరా" అనేవాడు. అక్కడ 365 మెట్లు. సగంలో నేను ఏడుపు లంకించుకుంటే, తిట్టుకుంటూనే నాయన చంకనెత్తుకునేవాడు.

ఇదంతా ఆ కుర్రాడికి చెబుదామని నోరు తెరిచేలోగా మా పక్కనుంచే ఒక కావడి వచ్చింది. మనిషికన్నా ఎత్తు ఫ్రేము, చుట్టూ నెమలి ఈకలు. వీపు నిండా కొక్కేలు, వాటికి నిమ్మకాయలు. వెనకే ఒకామె ప్లాస్టిక్ స్టూలు పట్టుకుని నడుస్తోంది. అతను ఆగగానే స్టూలు వేసి కూర్చోబెట్టి, పాదాల మీద నీళ్ళు పోసింది. ఆ కొక్కేల దగ్గర చర్మం ఎలా సాగిందో చూసి నేను ఈయన చెయ్యి పట్టేసుకున్నాను. మా తాతది పూల కావడి. ఇలాంటిది నేనెక్కడ చూశాను? వీళ్ళలో చాలామంది 48 రోజులు ఉపవాసాలు ఉండి వస్తారట. నేనేమో పొద్దున్నే రోటీ చనాయ్ లాగించి వచ్చాను. ఫస్ట్ టైమా అంటే ఫస్ట్ టైమే మరి. వాడన్నదాంట్లో తప్పేముంది?

అయినా అంత నత్తనడక ఇంగ్లీషు అక్కర్లేదు. తమిళంలో అడిగుంటే తమిళంలోనే జవాబు చెప్పేదాన్ని.

రైల్లో, "ఆడికృత్తికకి ఊళ్ళోనే ఉంటాం కదా, తిరుత్తణి వెళ్దామా?" అన్నాను. "ఆ ఎండలోనా?" అన్నారు ఈయన. ఆ సంగతి ఊరెళ్ళాక తేలుస్తాను.