ఓటుకూ ఫలితానికీ మధ్య

2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో ఓటు వేశాం. లెక్కింపు జూన్ 4న. మిగతా జిల్లాల వాళ్లకు ఆ మూడు వారాలు ఎదురుచూపుతో గడిచాయేమో కానీ, నరసరావుపేటలో ఉండే మాకు భయంతో గడిచాయి. పోలింగ్ రోజునే పల్నాడులో గొడవలు మొదలయ్యాయి. 144 సెక్షన్ పెట్టారు. ఎన్నికల సంఘం కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండ్ చేసింది. లెక్కింపు దగ్గర పడేసరికి సీసాల్లో పెట్రోలు పోయవద్దని బంకులకు ఆదేశాలు కూడా వచ్చాయి.

మా అపార్ట్‌మెంట్‌లో రెండు పక్షాల వాళ్లూ ఉన్నారు. లిఫ్టులో ఎదురుపడినా పలకరింపులు లేవు. మా వారికి రాత్రయితే టీవీ చర్చ, తర్వాత ఫోను, పక్కన నియోజకవర్గాల మెజారిటీలు రాసుకున్న కాగితం. నాకు నిద్ర పట్టేది కాదు.

పై అంతస్తులో ఉండే మాస్టారు రిటైరయ్యాక ఏలూరు దగ్గర విజయరాయిలోని విపశ్యన ధ్యాన కేంద్రానికి వెళ్లి పది రోజుల శిబిరం చేసి వచ్చారు. "రాత్రి తొమ్మిదింటికి డాబా మీద చాపలు వేస్తాను, రాగలిగినవాళ్లు రండి" అన్నారు. టీవీల్లో అరుపులు ముదిరే వేళ కాబట్టి ఆ సమయం పెట్టారు. ఫోన్లు ఇంట్లోనే వదిలి రావాలి, డాబా మీద పార్టీల పేరెత్తకూడదు.

"ఇంతమంది ఒకచోట చేరితే కేసు పెడతారేమో మాస్టారూ!" అన్నారొకరు.

"నోరు మూసుకుని కూర్చున్నవాళ్లను ఏ సెక్షన్ కింద పట్టుకుంటారయ్యా?" అన్నారాయన.

పద్ధతి ఆనాపాన. ముక్కుపుటాల దగ్గర ఊపిరి వచ్చిపోవడాన్ని గమనించడం, అంతే. దాన్ని బలవంతంగా పొడిగించకూడదు, ఆపకూడదు. శిబిరంలో మొదటి మూడు రోజులూ ఇదొక్కటే చేయిస్తారట. వినడానికి తేలికే. రోహిణి కార్తె కావడంతో రాత్రి తొమ్మిదింటికి కూడా డాబా సెగలు కక్కుతోంది. కళ్లు మూయగానే నా బుర్రలోనూ మెజారిటీలే.

"కళ్లు మూసుకుంటే లెక్కలు ఇంకా ఎక్కువ వస్తున్నాయండీ" అన్నాను.

"రానివ్వమ్మా. లెక్క వేస్తున్నానని తెలిసిందిగా? మళ్లీ ముక్కు దగ్గరికి రా."

ఒక రాత్రి కింద రోడ్డు మీద పోలీసు సైరన్ మోగింది. అందరం కళ్లు తెరిచాం. మాస్టారు తెరవలేదు. సిగ్గుపడి మళ్లీ మూసుకున్నాం. ఊపిరి గొంతు దాటి లోపలికి దిగడం లేదని, పొట్ట బిగుసుకుపోయి ఉందని అప్పుడే తెలిసింది. ఎన్నికలు ప్రకటించినప్పటి నుంచీ అలాగే ఉందేమో. సైరన్ దూరమయ్యాక కాసేపటికి అదే సడలింది. నేను చేసిందేమీ లేదు.

ధ్యానం ఎవరికి వారు చేసుకోవాల్సిన పని అంటారు. నా చేత మాత్రం దాన్ని చేయించింది మొహమాటం. ఒంటరిగా అయితే ఐదు నిమిషాలకే లేచి ఫోను అందుకునేదాన్ని. పక్కన బూత్ ఏజెంటుగా కూర్చొని వచ్చిన అబ్బాయి, అటుపక్క అతని ప్రత్యర్థి పార్టీకి వీరాభిమాని అయిన వదిన. వాళ్లిద్దరూ కదలకుండా కూర్చుంటే నేనెలా లేస్తాను? అలాగని మా అభిప్రాయాలేమీ మెత్తబడలేదు. ఎవరు గెలవాలన్న నా కోరిక రవ్వంత కూడా తగ్గలేదు. రాజకీయాలకు అతీతం కావాలంటే ధ్యానం చేయమనేవాళ్ల మాట నేను నమ్మను.

జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఒక్కో సర్వే ఒక్కో పక్షాన్ని గెలిపించింది. ఆ రాత్రి డాబా నిండిపోయింది. కుదురుగా కూర్చున్నవాళ్లు మాత్రం లేరు. అయినా ఎవరూ మధ్యలో దిగిపోలేదు.

4వ తేదీ మధ్యాహ్నానికే గాలి ఎటో తేలిపోయింది. 175 స్థానాల్లో కూటమికి 164. రాత్రి చాపలు పరిచేసరికి ఊళ్లో బాణసంచా మోత. ఓడిన పక్షం వాళ్లు రారనుకున్నాను. వదిన వచ్చింది, ఎప్పటి చోటే కూర్చుంది. గెలిచినవాళ్లకే ఆ వారమంతా తీరిక లేకపోయింది.

ఇప్పుడు ఆదివారాలు మాత్రమే, నలుగురైదుగురం కూర్చుంటున్నాం. స్థానిక ఎన్నికల నోటిఫికేషన్ రాగానే మళ్లీ రోజూ చాపలు వేస్తానని మాస్టారు ముందే చెప్పి ఉంచారు.