‘బాగానే ఉన్నాడు’ అన్న కాగితం: తమ్ముడి కేసులో నా అనుభవం

మా తమ్ముడిపై నడిచిన హత్యాయత్నం కేసులో మొన్న సోమవారం తీర్పు వచ్చింది. ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) 84వ సెక్షన్ కింద, అంటే మతిస్థిమితం లేని స్థితిలో చేసిన పనిగా గుర్తించి, వాణ్ణి నిర్దోషిగా ప్రకటించారు. 2022లో మిరప కల్లంలో మా బాబాయి తలపై వాడు పారతో కొట్టాడు. నీళ్లకుండలో బాబాయి విషం కలుపుతున్నాడని ఎవరో చెవిలో చెబుతున్నారని అంతకుముందు నుంచే అంటూ ఉండేవాడు. దేవుడి దయవల్ల బాబాయి బతికి బయటపడ్డాడు.

అరెస్టు, రిమాండు, చార్జిషీటు అందరికీ జరిగినట్టే జరిగాయి. వాడు తన మీది ఆరోపణనే అర్థం చేసుకోలేని స్థితిలో ఉండటంతో, సీఆర్‌పీసీ (క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే చట్టం) 329 ప్రకారం విచారణ వాయిదా వేసి మానసిక వైద్యశాలకు పంపారు. మందులు పనిచేశాయి. విచారణను ఎదుర్కోగలడని డాక్టర్లు సర్టిఫికెట్ ఇచ్చారు. మేం సంతోషించిన ఆ కాగితమే మాకు ఎదురు తిరిగింది.

ప్రాసిక్యూటర్ గారు ఆ సర్టిఫికెట్ చేత్తో పట్టుకుని, సాక్షి బోనులో ఉన్న నన్ను, “ఏమయ్యా, బాగానే ఉన్నాడని డాక్టర్లే రాశారుగా?” అన్నారు. కొట్టిన రోజు పొద్దున్నే టిఫిన్ తిన్నాడా, కూలీలకు డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాడా, కొట్టాక పారను గడ్డివాములో ఎందుకు దాచాడు అని వరసగా అడిగారు. అన్నీ నిజాలే కాబట్టి అవుననే చెప్పాను. ఆ తర్వాత, “దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారటగా, అది జబ్బని మీరే నమ్మలేదు, గట్టు తగాదాను కప్పిపుచ్చడానికి పిచ్చి అంటున్నారు” అనేసరికి వెనక బెంచీల్లో నవ్వులు వినిపించాయి. డిగ్రీ చదివి పదిమందికి అర్జీలు రాసిపెట్టే నేను అక్కడ నోరు పెగలక నిలబడ్డాను.

నేటి స్థితి వేరు, కొట్టిన క్షణంలోని స్థితి వేరు. దహ్యాభాయ్ ఠక్కర్ కేసులో 1964లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది: చూడవలసింది నేరం జరిగిన సమయం, దానికి ముందూ వెనకా ప్రవర్తన అందుకు ఆధారం. రుజువు చేసే భారం నిందితుడిదే అయినా, సివిల్ కేసులో సరిపోయేంత రుజువు, అంటే అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువ అనిపించేంత, చాలు. ఆ రుజువు పూర్తిగా కుదరకపోయినా, నేరబుద్ధి ఉందా అన్న సందేహం కలిగితే దాని ఫలం నిందితుడికే దక్కుతుంది. మా మొదటి వకీలుకు ఇవేవీ పట్టలేదు. “అసలు మావాడు కొట్టనే లేదు” అని బాబాయిని క్రాస్ ఎగ్జామిన్ చేసి, మరుసటి వాయిదాకే మతిస్థిమితం లేదన్న వాదన ఎత్తుకున్నాడు. ఫీజు మాత్రం రెండు వాదనలకూ తీసుకున్నాడు. అలాంటివారిని మొదటి వాయిదాలోనే మార్చుకోండి.

మమ్మల్ని గట్టెక్కించింది ఒక పాత ఓపీ పుస్తకం. ఘటనకు కొన్ని నెలల ముందు డాక్టరు రాసిన పంక్తి, చెమ్మకు ఇంకు పాకినా, చదవడానికి వీలుగానే ఉంది: చెవిలో మాటలు, బంధువులపై అనుమానం, మాత్రలు మానేశాడు. ఆసుపత్రి రిజిస్టరు కోసం వెళ్తే రికార్డు గది గుమస్తా చెదలు తినేశాయన్నాడు. కొత్త వకీలు కోర్టు ద్వారా సమన్లు పంపించగానే అదే రిజిస్టరు చెక్కుచెదరకుండా వచ్చింది. కనుక గుమస్తాల చుట్టూ తిరగకండి; రికార్డునూ, అది రాసిన డాక్టరునూ కోర్టుకే రప్పించమని పిటిషన్ వేయించండి.

నిర్దోషి అన్నా నేరుగా ఇంటికి పంపరు. కొట్టింది వాడేనని తీర్పులో రాసి, సీఆర్‌పీసీ 335 కింద, జాగ్రత్తగా చూసుకుంటానని నా చేత బాండు రాయించుకుని అప్పగించారు. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకైతే 84వ సెక్షన్‌లోని ఈ రక్షణే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్‌లో ఉంటుంది. ఇప్పుడు వారం వారం స్టేషన్‌కు వచ్చి సంతకం పెట్టమని పోలీసులు అంటున్నారు. ఉత్తర్వులో ఆ మాట ఎక్కడా లేదు. సర్టిఫైడ్ కాపీ జేబులో పెట్టుకుని రేపు ఎస్సై గారి దగ్గరకు వెళ్తున్నాను.