ఏఱు అంటే నీళ్లు

మా మామ్మది అనంతగిరి కొండల్లో చిన్న ఊరు. వాళ్లింట్లో మాట్లాడేది కూబి. బయటివాళ్లు కొండ భాష అంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ భాష మాట్లాడేవాళ్లు 60 వేల పైచిలుకు. దాదాపు అందరూ ఆంధ్రా, ఒడిశా సరిహద్దు కొండల్లోనే ఉంటారు. నాన్న ఉద్యోగానికి విశాఖ దిగాక మా ఇంట్లో తెలుగే మిగిలింది. నాకు కూబి ఒక్క ముక్క కూడా రాదు. కంటి ఆపరేషన్ కోసం మామ్మ బెంగళూరు వచ్చి, మారతహళ్లిలో మా ఇంట్లో రెండు నెలలుంది. ఆలోగా ఆమె మాటలు రాసిపెట్టుకోవాలని నా ఆశ.

మొదటి వారం దండగైంది. వంద మాటల పట్టిక తయారుచేసి, ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి, ఎదురుగా కూర్చోబెట్టాను.

"మామ్మా, చెయ్యిని మీ మాటలో ఏమంటారు?"

"చెయ్యే అంటారు. ఇంకేటంటారు?"

తెలియక కాదు. నేను తెలుగులో అడుగుతుంటే ఆమె నోట తెలుగే వస్తోంది. పైగా చిన్నప్పుడు సంతలో కూబి మాట్లాడితే జనం వింతగా చూసేవారట. అది మనసులో ఉండిపోయింది. ఆ మాట విన్నాక పట్టిక తీసి లోపల పెట్టేశాను.

ఒకరోజు పొద్దున్నే అపార్ట్‌మెంట్‌కి ట్యాంకర్ వచ్చింది. మామ్మ బాల్కనీలోంచి చూసి, "ఓలమ్మీ, ఏరొచ్చింది!" అంది. ట్యాంకరు ఏరేమిటా అని అడిగితే, "నీళ్లేనే" అంది. మనకి పారేదే ఏరు. కూబిలో చెంబులో ఉన్నదీ ఏరే! నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఇక అడగడం మానేసి పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. బెంగళూరులో రాగులకి కొదవ లేదు. మామ్మ వాటిని చోళ్లు అంటుంది. చేటలో పోసుకుని రాళ్లు ఏరుతూ తనలో తాను గొణుక్కునేది. అన్నిటికంటే పనికొచ్చింది మాత్రం ఊళ్లో ఉన్న చెల్లెలితో ఫోను. ఇద్దరికీ చెప్పి, సరేనన్నాకే స్పీకర్ పెట్టి రికార్డ్ చేశాను. ఆ ఇరవై నిమిషాల్లో ఒక్క తెలుగు వాక్యం లేదు. ఫ్యాన్ ఆపి, ఫోన్ కింద మడతపెట్టిన తువ్వాలు వేస్తే మాట శుభ్రంగా వినపడుతుందని అప్పుడే తెలిసింది. తర్వాత మామ్మతో కలిసి ఆ రికార్డింగ్ ఆపుతూ ఆపుతూ విన్నాం. చెయ్యి కియు. చెట్టు మరన్. రెండు రుండి. మన పాత తెలుగు మ్రాను ఆ మరన్‌కి చుట్టమే.

రాసుకున్నవి రాత్రిపూట చదివి వినిపించేదాన్ని. "ఏరు" దగ్గర ప్రతిసారీ తల అడ్డంగా ఊపేది. "అలా కాదే, నాలిక ఆడించు." దగ్గరగా చూస్తే, మరన్‌లో నాలిక ఒక్కసారి తగిలి వదిలేస్తోంది. ఏరులో పైపళ్ల వెనక గబగబా కొట్టుకుంటోంది. నేను రెంటికీ ఒకటే ర రాస్తున్నాను!

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1969లోనే ఈ భాష మీద పుస్తకం అచ్చువేశారు. ఒక స్నేహితురాలు దాన్ని స్కాన్ చేసి పంపితే అందులో జవాబు దొరికింది. తెలుగులో ఒకప్పుడు వేరువేరుగా ఉన్న ర, ఱ మన నోట కలిసిపోయాయి. కూబిలో ఇంకా వేరుగానే పలుకుతున్నారు. మనవాళ్లూ పూర్వం దాన్ని ఏఱు అనే రాసేవారు. వాడకం పోయిందని మనం వదిలేసిన బండి ఱ, మామ్మ మాట రాయడానికి కావలసి వచ్చింది. ఫోన్ కీబోర్డులో వెతికి పట్టుకుని, నోట్సు మొత్తం మళ్లీ మొదటినుంచి దిద్దాను. మూడుకి మూన్ఱి అని రాశాను. నాలుగు రోజులు పట్టింది.

ఇప్పటికి మూడు వందల పైచిలుకు మాటలు చేరాయి. ఒక్కోదాని పక్కన అది వచ్చిన వాక్యం, ఎవరన్నారో కూడా రాశాను. మామ్మ ఊరెళ్లిపోయింది. ఆదివారం ఫోన్ చేసి ముందు "ఏఱు" అంటాను. "ఇంకా ఆడించాలి" అంటుంది.