నువ్వు ఎలుగుబంటి ఎక్కావా అమ్మా?

"నేను ఎక్కను. అమ్మమ్మ కూడా ఎక్కకూడదు."

జైపూర్‌లో ఆమేర్ కోట దిగువన మా పెద్దది ఈ మాట అనేసరికి మా అమ్మ కొంగు నడుముకి బిగించుకుని ఏనుగు కోసం రెడీగా నిలబడి ఉంది. ఏనుగు ఎక్కాలన్నది ఆవిడకి చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక. మనవరాలేమో వద్దంటోంది. ఇద్దరూ ఒకేసారి నా మొహంలోకి చూశారు. జీపులు ఎక్కడ ఎక్కాలో కనుక్కుని వస్తానని చెప్పి నేను అక్కడి నుంచి జారుకున్నాను.

దీనికంతటికీ మూలం నేనే అని మావారు ఇప్పటికీ అంటారు. జైపూర్ రాకముందు పిల్లల్ని ఆగ్రా దగ్గర ఎలుగుబంట్ల రక్షణ కేంద్రానికి తీసుకెళ్లింది నేనే మరి. పెద్ద ఆశయంతో వెళ్ళామనుకోకండి. మేము ఆగ్రాలో దిగింది శుక్రవారం. శుక్రవారం తాజ్‌మహల్ మూసేస్తారన్న సంగతి హోటళ్ళూ కారూ అన్నీ బుక్ చేశాక గానీ నా చెవిన పడలేదు. రోజంతా ఖాళీ. ఎండలో పిల్లల్ని బజారంతా తిప్పే కంటే ఇది నయమనిపించింది. ముందుగా రాసి టైము తీసుకోవాలి, ఉన్నట్టుండి గేటు దగ్గరికి వెళ్తే కుదరదు. ఆ పని మాత్రం బుద్ధిగా చేశాను.

లోపల ఇంకో స్వార్థం కూడా ఉంది. ఇండియా వెళ్ళిన ప్రతిసారీ నేను పిల్లలకి దేశాన్ని పెళ్లిచూపుల్లో పిల్లని చూపించినట్టు చూపిస్తాను. మంచి వెలుతురులో, మంచి కోణంలో, అడగకూడని ప్రశ్నలు రాకుండా. రక్షణ కేంద్రమైతే ఇంక బెంగ లేదనుకున్నాను. మనవాళ్ళు మూగజీవాలను కాపాడుతున్నారు, ఇదిగో చూడండి అని గర్వంగా చెప్పొచ్చు. కాపాడాలంటే ముందు ఎవరో ఒకరు హింసించి ఉండాలి కదా అన్న ఆలోచన నాకు తట్టలేదు. మా పెద్దదానికి కారు దిగకముందే తట్టింది.

ఢిల్లీ నుంచి ఆగ్రా వెళ్ళే హైవే మీద, కీఠం దగ్గర, సూర్ సరోవర్ పక్షుల అభయారణ్యం లోపల ఉంటుంది ఈ కేంద్రం. 1995లో కార్తిక్ సత్యనారాయణ్, గీతా శేషమణి మొదలుపెట్టిన వైల్డ్‌లైఫ్ ఎస్‌ఓఎస్ అనే సంస్థ, అటవీ శాఖతో కలిసి దీన్ని నడుపుతోంది. వీధుల్లో ఎలుగుబంటిని ఆడించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతోనే నేరమైంది. కానీ ఆ తర్వాత కూడా దశాబ్దాల పాటు ఆటలు సాగుతూనే ఉన్నాయి. ఆరు వందలకు పైగా ఎలుగుబంట్లను ఒక్కొక్కటిగా విడిపించుకుంటూ వస్తే, చివరిది బయటపడేసరికి 2009 అయింది. దాని పేరు రాజు.

ముట్టుకోవడాలు, మేత తినిపించడాలు, సెల్ఫీలు ఏమీ ఉండవు. కంచెకి ఇవతల నిలబడి చూడాలి. చెట్ల కింద ఒకటి ఊయల లాంటి దాంట్లో వెల్లకిలా పడుకుంది. ఇంకొకటి గోళ్ళతో నేల తవ్వుతోంది. ఎలుగు గోళ్ళు ఎంత పొడవుంటాయో అంతకు ముందు నేను గమనించనే లేదు. చెట్టు పక్కన నిలబడ్డ మూడోది ముందు కాళ్ళు కదపకుండా తల మాత్రం అటూ ఇటూ, అటూ ఇటూ ఊపుతోంది.

"అమ్మా, డాన్స్ చేస్తోంది!" అని మా చిన్నాడు చప్పట్లు కొట్టాడు.

వెంట వచ్చిన కేంద్రం కుర్రాడు వాణ్ణి ఏమీ అనలేదు. అది డాన్స్ కాదు బాబూ, ఏళ్ళ తరబడి ఒక్కచోట కట్టేసి ఉంచితే వచ్చే అలవాటు, తాడు తీసేసినా తల ఊపడం పోలేదు అని నెమ్మదిగా చెప్పాడు. దాని మూతి చూడమన్నాడు. ముక్కు మీది ఎముక దగ్గర వెంట్రుకలు లేకుండా, బొటనవేలంత మేర చర్మం గట్టిపడి, ముడతలు పడి ఉంది. కూనగా ఉన్నప్పుడు కాల్చిన ఇనప చువ్వతో అక్కడ బెజ్జం చేస్తారట. మత్తుమందు గిత్తుమందు ఏమీ ఉండదు. ఆ బెజ్జంలోంచి తాడు దూర్చి లాగితే నొప్పికి వెనక కాళ్ళ మీద లేస్తుంది. మనం చూసి నవ్వుకున్న ఆట అదే. కోరపళ్ళు కూడా విరగ్గొట్టేస్తారు కాబట్టి మళ్ళీ అడవిలో వదిలినా బతకలేదు. చాలావాటికి కళ్ళు కనిపించవు, కొన్నిటికి క్షయ. అందుకే జీవితాంతం ఇక్కడే.

చిన్నాడు చప్పట్లు కొట్టిన చేతుల్ని జేబుల్లో పెట్టేసుకున్నాడు.

మా అమ్మ మాత్రం వచ్చిన దగ్గర్నుంచీ "జాంబవంతుడమ్మా, జాంబవంతుడు" అంటూ కంచె ముందు దండం పెట్టుకుంటోంది. ఉన్నట్టుండి మనవరాలి వైపు తిరిగి, ఊరంతా వినేలా మొదలుపెట్టింది. "మీ అమ్మ చిన్నప్పుడు రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేచేది. మన వీధిలోకి ఎలుగును ఆడించేవాడు వస్తే దాని మీద ఎక్కించాను. రెండు వెంట్రుకలు పీకించి తాయెత్తులో పెట్టి మెడలో కట్టాను. అంతే! మళ్ళీ భయమన్న మాట లేదు."

ఆ కుర్రాడికి తెలుగు రాదు, నా అదృష్టం. పిల్లలకి వచ్చు. వాళ్ళకి పట్టుబట్టి తెలుగు నేర్పినందుకు నేను మొట్టమొదటిసారి బాధపడింది అప్పుడే.

"నువ్వు ఎలుగుబంటి ఎక్కావా అమ్మా?" అంది పెద్దది. నాకు గుర్తులేదన్నాను. ఆ మాట నిజమే, కానీ తాయెత్తు గుర్తుంది. దాని నల్ల దారం మెడకి ఒరుసుకునేది.

ఆ తర్వాత కుర్రాడు తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. ఈ స్లాత్ బేర్ జాతికి సహజంగానే పై పళ్ళలో ముందు రెండు ఉండవు, ఆ సందులోంచి పుట్టల్లోని చెదపురుగులను గొట్టంతో లాగినట్టు పీల్చేస్తాయి, ఆ చప్పుడు దూరానికి కూడా వినిపిస్తుంది అని. తల్లి ఎలుగు పిల్లల్ని నెలల తరబడి వీపు మీద మోసుకుని తిరుగుతుంది, ఎలుగు జాతులన్నిటిలోనూ ఈ అలవాటు ఉన్నది దీనికే అని కూడా చెప్పాడు.

పెద్దది కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నాకొక్కదానికే వినబడేలా అంది. "అంటే నువ్వు దాని బేబీ కూర్చునే చోట కూర్చున్నావు."

తిరుగు ప్రయాణంలో కారులో యుద్ధం జరిగింది. ఆడించినవాళ్ళు ఈవిల్ అంది పెద్దది. నేను వెంటనే వాళ్ళ తరఫు వకీలునైపోయాను. కలందర్లని, తరతరాలుగా ఇదే వృత్తి అని, మొఘలుల కాలం నుంచీ ఉన్నారంటారని, చేతిలో వేరే పని లేదని. ఎలుగును అప్పగించిన ప్రతి కుటుంబం చేతా మళ్ళీ ఈ పని చేయబోమని రాయించుకుని, బదులుగా ఆటో కొనుక్కోవడానికో, కొట్టు పెట్టుకోవడానికో పెట్టుబడి ఇచ్చారని, ఆడవాళ్ళకి కుట్టుపని నేర్పించారని, పిల్లల్ని బడిలో వేశారని, కొందరికి ఇలాంటి కేంద్రాల్లోనే ఎలుగులను చూసుకునే ఉద్యోగాలిచ్చారని చెప్పాను.

"పేదవాళ్ళయితే హర్ట్ చేయొచ్చా?"

చేయకూడదు. కానీ.

ఆ 'కానీ' తర్వాత నా దగ్గర సరుకు లేదు. దాంతో ఇలాంటప్పుడు ప్రతిసారీ చేసే పనే చేశాను. మీ అమెరికాలో మాత్రం, అన్నాను. 'మీ అమెరికా' అట, పాస్‌పోర్టు నాకూ అదే. రింగ్లింగ్ బ్రదర్స్ సర్కస్ 2016 దాకా ఏనుగులను ఆడించలేదా? ఇంగ్లండులో దొరలు ఎలుగును కట్టేసి దాని మీదకి కుక్కల్ని ఉసిగొల్పుతుంటే, దాన్ని నిషేధించడానికి 1835 దాకా పట్టలేదా? ఒక గిన్నెలో మట్టి ఉందంటే పక్క గిన్నె చూడు అనడం వాదన కాదని నాకు తెలుసు. అయినా ఆగలేదు. "1835 చాలా ఓల్డ్ కదమ్మా, 2009లో నువ్వు కాలేజ్ కూడా అయిపోయావు" అని అది లెక్క చెప్పాక ఆగాను. మావారు అద్దంలోంచి నన్ను చూసి నవ్వారు. ఆయన ఈ యుద్ధాల్లో ఎప్పుడూ తటస్థ దేశమే.

మధ్యాహ్నం మధుర వైపు చుర్మురాలో అదే సంస్థ నడిపే ఏనుగుల కేంద్రం కూడా చూశాం. సర్కసుల నుంచి, బరువు పనుల నుంచి, బిచ్చమెత్తించే చోట్ల నుంచి తెచ్చినవి. 2018లో అక్కడ వాటికి ఆసుపత్రి కూడా పెట్టారు. తారు రోడ్ల మీద నడిచి నడిచి అరిపాదాలు ఎలా పాడవుతాయో చెప్పారు. పర్యాటకులు ఏనుగు ఎక్కొద్దని వీళ్ళు ప్రచారం చేస్తారు. పెద్దది ఆ ప్రచార కాగితం మడిచి బ్యాగులో పెట్టుకోవడం చూశాను. మాకు ఆమేర్ ప్రయాణం ఉందన్న సంగతి ఆ క్షణంలో గుర్తొచ్చింది గానీ పైకి అనలేదు.

ఆమేర్‌లో ఏం జరిగిందో ఊహించుకోగలరు. జీపులోనే వెళ్ళాం. దారంతా మా అమ్మ "జీపు ఎక్కడానికా ఇంత దూరం తీసుకొచ్చింది" అని సణుగుతూనే ఉంది. కోట పైకి చేరాక మాత్రం మనవరాలి భుజం మీద చెయ్యి వేసి నడిచింది. నాతో మాత్రం సాయంత్రం దాకా మాట్లాడలేదు. న్యాయమే, దాన్ని ఆ కాగితం దొరికిన చోటికి తీసుకెళ్లింది నేను కదా. మనవరాలు మంచిదే, పెంపకం మాత్రం కూతురిది.

పిల్లల్ని ఇలాంటి చోట్లకి తీసుకెళ్ళాలనుకునే వాళ్ళకి నాలుగు మాటలు చెబుదామనే ఇది రాయడం మొదలుపెట్టాను. తప్పకుండా వెళ్ళండి. జంతువుని ముట్టుకోనిచ్చే, ఎక్కనిచ్చే, దానికి స్నానం చేయించనిచ్చే చోటు పేరు ఏదైనా సరే, ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. పెద్దవాళ్ళు వెంట ఉంటే తర్వాతి ప్రోగ్రాం ఏమిటో ముందు చూసుకోండి. ఇక్కడిదాకా ధైర్యంగానే చెప్పగలను.

ఆపైన చెప్పాలంటే నాకు నమ్మకం చాలడం లేదు. జంతువుల మీద దయ నేర్పడం తేలిక, పిల్లలకి అది ముందే ఉంటుంది. ఆ దయ మనుషుల మీద కోపంగా మారి, ఆ మనుషులు ఒక దేశంగా మారి, ఆ దేశం అమ్మమ్మగా మారినప్పుడు ఏం చెప్పాలి? ఏడాది పొడుగునా నేను ఆ పిల్లకి తప్పుని తప్పు అనమని నూరిపోస్తాను. అది తీరా అన్నాక మనవాళ్ళ జోలికి రాకు అంటాను. అది తన దేశాన్ని చిన్నచూపు చూస్తుందేమోనన్నది నా భయం. నిజంగా దేశం కోసమేనా ఈ భయం, లేక నన్ను చిన్నచూపు చూస్తుందనా? రాత్రి పడుకోబోయే ముందు ఒకలా అనిపిస్తుంది, పొద్దున్నే లంచ్ బాక్సులు సర్దేటప్పుడు ఇంకోలా అనిపిస్తుంది.

మొన్న స్కూల్లో ట్రిప్ మీద ప్రాజెక్టు ఇచ్చారు. తాజ్‌మహల్ గురించి రాస్తుందనుకున్నాను. ఎలుగుబంట్ల గురించి రాసింది. 'ఇండియాలో మనుషులు ఎలుగుబంట్ల ముక్కుకి బెజ్జం చేసి ఆడించేవాళ్ళు' అన్నది మొదటి వాక్యం. ఆపించిన వాళ్ళూ ఇండియా మనుషులేనని రాయవే అన్నాను. రాసింది. కలందర్ల పిల్లలు బడికి వెళ్తున్నారని రాయమన్నాను. అదీ రాసింది. పూర్తి నిజం రాయాలి కదా అని గొప్పగా అన్నాను.

"అయితే నీ స్టోరీ కూడా రాయనా?"

"అదొద్దు" అన్నాను, ఆలోచించకుండానే.

అది నాతో వాదించలేదు. ఆదివారం అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు నేరుగా ఆవిడనే అడిగింది. మా అమ్మకి ఇలాంటివాటిలో మొహమాటం ఉండదు. "రాయవే తల్లీ, దాపరికం ఏముంది? నేనే ఎక్కించానని రాయి. ఎక్కించగానే మీ అమ్మ ఏడుపు లంకించుకుంది. దింపవయ్యా అంటే వాడు ఇంకో చుట్టు తిప్పి గానీ దింపలేదు. అదీ రాయి."

ఇన్నేళ్ళలో ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో. ఏడుపు అందులో ఎప్పుడూ లేదు. ఆగ్రా చూసి వచ్చాక కల్పించిందో, నిజంగానే గుర్తొచ్చిందో.

"భయం పోయిందన్నావుగా?" అన్నాను ఫోన్ దగ్గరికి జరిగి.

"రాత్రి భయం పోయింది. ఎలుగంటే భయం పట్టుకుంది. ఎలుగు రోజూ రాదు కదా, ఫరవాలేదనుకున్నాం."

పెద్దది టైప్ చేసుకుంటూనే ఉంది. "అమ్మమ్మా, అతనికి ఎంత మనీ ఇచ్చావు?"

"రూపాయి, చేటెడు బియ్యం." కాసేపాగి మళ్ళీ అంది. "రూపాయి కాదులే. అర్ధరూపాయే. బేరమాడాను."

పెద్దది అర్ధరూపాయి అని దిద్దుకుంది.