పీఎస్2లో ఏ ఆట అందం? మేం కూర్చుని తేల్చుకున్నాం

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా బాబాయి ఒకప్పుడు వీడియో గేమ్స్ షాపు నడిపాడు. అది మూసేశాక రెండు ప్లేస్టేషన్ 2లు (పీఎస్2 అంటే ఇదే, టీవీకి తగిలించి ఆటలాడే సోనీ మిషన్), ఒక 21 అంగుళాల డబ్బా టీవీ, ఒక అట్టపెట్టె నిండా డిస్కులు ఇంట్లో అటకెక్కాయి. ఈమధ్య ఆ ఇల్లు ఖాళీ చేసి విశాఖలో కొడుకు దగ్గరికి వెళ్లిపోవాలనుకున్నాడు. "ఒరే, వీటిని తూకానికి వెయ్యడానికి మనసు రావట్లేదు. చూడ్డానికి బాగున్నవి ఓ పది ఏరి నువ్వు ఉంచుకో. మిగతావి ఆడుకునేవాళ్లకి ఇచ్చేద్దాం" అన్నాడు.

సరేనన్నాను గానీ, పాత మిషన్‌లో ఆట "చూడ్డానికి బాగుండడం" అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి కదా. యూట్యూబ్‌లో కనిపించే పీఎస్2 బొమ్మల్లో చాలావరకు కంప్యూటర్‌లో ఎమ్యులేటర్ (పాత మిషన్‌లా నటించే సాఫ్ట్‌వేర్) పెట్టి, రిజల్యూషన్ నాలుగింతలు పెంచి తీసినవి. వాటిని చూసి మార్కులేస్తే అవి ఆ కంప్యూటర్‌కి పడ్డట్టు, పీఎస్2కి కాదు. నేను చూడాలనుకున్నది ఈ మిషన్, ఈ టీవీ మీద ఏం చూపించగలిగిందన్నది.

సిరిమాను సంబరానికి అందరూ ఊరికి వచ్చారు. పండగ అయ్యాక మా అక్క కొడుకు సెలవులకి ఉండిపోయాడు. వాడు ఇంటర్ చదువుతున్నాడు, ఫోన్‌లో తప్ప ఆటలు ఎరగడు. పాత ఆటల మీద వాడికి ఏ అభిమానమూ లేదు కాబట్టి వాణ్ణి కూడా జడ్జీని చేశాను. బాబాయి, మేనల్లుడు, నేను, మొత్తం ముగ్గురం.

ముందు మిషన్ పని చెయ్యాలి. రెండింట్లో ఒకటి అసలు లేవలేదు. రెండోది ఆన్ అవుతుంది గానీ డిస్కు చదవదు. అడుగున ఉన్న స్క్రూలు తీసి, పై మూత ఎత్తి, లెన్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో మెల్లగా తుడిచాను. మామూలు డీవీడీలు చదవడం మొదలుపెట్టింది. గాడ్ ఆఫ్ వార్ 2, గ్రాన్ టురిస్మో 4 మాత్రం తీసుకోలేదు. ఆ రెండూ డ్యూయల్ లేయర్ డిస్కులు, అంటే ఆట రెండు పొరల్లో రాసి ఉంటుంది. నీరసించిన లేజర్ రెండో పొరని అందుకోలేదు. గంటస్తంభం దగ్గర ఎలక్ట్రానిక్స్ రిపేర్లు చేసే ఆయన లెన్స్ మార్చాక అవి కూడా ఆడాయి. పాత పీఎస్2 బయటికి తీసేవాళ్లకి ఒక మాట: కొన్ని డిస్కులు ఆడి కొన్ని ఆడకపోతే డిస్కుల్ని పారెయ్యకండి, ముందు లెన్స్ చూడండి.

తర్వాత టీవీ. టీవీకి బొమ్మ, రంగు పంపడంలో మన దగ్గర పాల్ పద్ధతి, షాపు డిస్కుల్లో చాలావరకు అమెరికా పద్ధతైన ఎన్‌టీఎస్‌సీవి. అందుకని కొన్ని ఆటలు బ్లాక్ అండ్ వైట్‌లో వచ్చాయి. టీవీ మెనూలో కలర్ సిస్టమ్‌ని ఆటోకి మార్చగానే రంగులొచ్చాయి. షార్ప్‌నెస్ పూర్తిగా తగ్గించేశాను. అది పెంచితే బొమ్మ స్పష్టంగా అయినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి అంచుల చుట్టూ తెల్లటి గీత చేరుతుంది, అంతే.

పక్కనే 43 అంగుళాల ఎల్‌ఈడీ టీవీ కూడా పెట్టాం. అక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. పీఎస్2 బొమ్మ పంపే తీరు పాత టీవీలకి తగ్గట్టు ఉంటుంది. బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి పంపుతుంది. పిక్చర్ ట్యూబ్ వాటిని వచ్చినవి వచ్చినట్టే గీసేస్తుంది. వెలుగు పక్కకి కొంచెం పాకి మెట్లు మెట్లుగా ఉన్న అంచులు మెత్తబడతాయి. ఎల్‌ఈడీ మాత్రం ఆ రెండు సగాల్ని కలిపి, పెద్ద తెరకి సాగదీసి చూపించాలి. అందుకే బొమ్మ మసకబారుతుంది, పచ్చిక ఇసక రేణువుల్లా మెరమెరలాడుతుంది. మామూలు పసుపు కేబుల్ తీసేసి ఎరుపు, ఆకుపచ్చ, నీలం పిన్నులున్న కాంపోనెంట్ కేబుల్ పెడితే చాలా తేడా వచ్చింది. అయితే కేబుల్ మార్చే ముందే పీఎస్2 సెట్టింగ్స్‌లో కాంపోనెంట్ అవుట్‌ని ఆర్‌జీబీ నుంచి అక్కడున్న రెండో ఎంపికకి మార్చుకోవాలి. లేకపోతే రంగులన్నీ తేడాగా వస్తాయి.

మార్కుల లెక్క దగ్గర బాబాయితో కాసేపు వాదన జరిగింది. ఫైనల్ ఫాంటసీ 10లో మధ్యమధ్య వచ్చే సినిమా ముక్కలు చూపించి "ఇంతకంటే ఏం కావాల్రా" అన్నాడు. అవి ముందే ఎక్కడో తయారు చేసి డిస్కులో పెట్టిన వీడియోలు, మిషన్ అప్పటికప్పుడు గీసినవి కావు. వాటిని లెక్కలోకి తీసుకోవద్దన్నాను. రెసిడెంట్ ఈవిల్ 4కీ అదే వర్తిస్తుంది. నింటెండో వాళ్ల మిషన్ గేమ్‌క్యూబ్‌లో అప్పటికప్పుడు గీసిన కథ సన్నివేశాలు పీఎస్2కి వచ్చేసరికి వీడియోలైపోయాయి. చేతిలో జాయ్‌స్టిక్ పట్టుకుని మనం ఆడుతున్నప్పుడు కనిపించేదానికే మార్కులు. కెమెరా తిప్పినప్పుడు ఎలా ఉంది, జనం ఎక్కువైతే నెమ్మదిస్తోందా, మామూలుగా కూర్చునే దూరం నుంచి చూస్తే ఎలా ఉంది, ఇవే చూడాలనుకున్నాం.

ఈ మిషన్ బలమేమిటో, బలహీనతేమిటో తెలిస్తే మార్కులెయ్యడం సులువవుతుంది. పీఎస్2 జపాన్‌లో 2000 మార్చిలో వచ్చింది. మెయిన్ మెమరీ 32 ఎంబీ. బొమ్మలు గీసే చిప్పులో ఉన్న మెమరీ 4 ఎంబీ మాత్రమే. 640 చుక్కల (పిక్సెళ్ల) వెడల్పు, 448 చుక్కల ఎత్తు ఉన్న ఒక్క తెర బొమ్మకే 32 బిట్ల రంగుతో దాదాపు 1.1 ఎంబీ పోతుంది. చూపిస్తున్న బొమ్మ ఒకటి, గీస్తున్న బొమ్మ ఒకటి, ఏది ముందు ఏది వెనక అని గుర్తుపెట్టుకునే లెక్క ఒకటి. ఈ మూడింటికే మూడు ఎంబీలు దాటిపోతాయి. గోడలు, బట్టలు, మొహాల మీద అతికించే టెక్స్‌చర్లకి ఒక ఎంబీ కూడా మిగలదు. వాటిని మెయిన్ మెమరీ నుంచి ఎప్పటికప్పుడు తెచ్చుకుంటూ ఉండాలి. తొలి రోజుల్లో కొందరు తయారీదారులు జాగా కోసం సగం ఎత్తు బొమ్మలే గీసేవారు, ఆ ఆటల్లో అంచులు రంపం పళ్లలా కనిపిస్తాయి.

బలమేమిటంటే, అదే చిప్పు ఒక చుక్క మీద మళ్లీ మళ్లీ రంగు పుయ్యడంలో చాలా వేగం. పొగ, వాన, దుమ్ము, నీటి తుంపర, వెలుగు ధారలు, ఇలా ఒకదాని మీద ఒకటి పడే పల్చటి పొరలన్నీ దానికి సులువు. అందుకే పీఎస్2లో అందమైన ఆటలు గోడల మీద కాకుండా గాలిలో ఖర్చు పెట్టిన ఆటలని నా అభిప్రాయం. ఒక్కో డిస్కూ వేసి చూస్తుంటే ఇది మరీ మరీ రుజువైంది.

మెటల్ గేర్ సాలిడ్ 2 వేశాం. రాత్రి, జోరువాన, న్యూయార్క్ దగ్గర నదిలో వెళ్తున్న ఓడ. రంగులు చూస్తే బూడిద, పచ్చ తప్ప పెద్దగా ఏమీ లేవు. గోడలు నున్నగా ఉన్నాయి. కానీ వాన గాలికి వంగుతోంది, దీపాల చుట్టూ తుంపర వెలుగుతోంది. సెకనుకి 60 బొమ్మల వేగం దాదాపు ఎక్కడా తగ్గదు. లోపల బారు గదిలో సీసాలు కాల్చితే విడివిడిగా పగిలాయి. ఐసు బకెట్ పడేస్తే ముక్కలు నేల మీద పడి మెల్లగా కరిగిపోయాయి. మా మేనల్లుడు ముందుకి జరిగి కూర్చుని "మావయ్యా, ఇది ఎప్పటిది?" అన్నాడు. 2001 అన్నాను. అంటే మిషన్ పుట్టిన రెండేళ్లలోపే వచ్చింది. వాడు నమ్మలేదు, కవరు వెనక తిప్పి చూసుకున్నాడు.

షాడో ఆఫ్ ది కొలోసస్ (2005) మీద ముగ్గురికీ మూడు అభిప్రాయాలు. పదహారు మహాకాయులు, ఒక గుర్రం, ఖాళీగా ఉన్న దేశం. ఆ మహాకాయుల ఒంటి మీద బొచ్చు ఊగుతుంది, అడుగు వేస్తే దుమ్ము లేస్తుంది. చీకటి గుడిలోంచి బయటికొస్తే తెర అంతా తెల్లబడి, కాసేపటికి దారి కనిపిస్తుంది. మన కళ్లు ఎండకి అలవాటు పడే తీరుని అది పట్టుకుంది. ఈ మిషన్‌తో అది చేయించడం మామూలు విషయం కాదు. అయితే దానికి తగ్గ ఖర్చూ ఉంది. పెద్ద మహాకాయుడు కదిలినప్పుడు బొమ్మలు బాగా నెమ్మదిస్తాయి. "ఆగి ఆగి నడుస్తోందిరా, కళ్లు లాగుతున్నాయి" అన్నాడు బాబాయి. ఆయన మాట నిజమే, ఆ నెమ్మదికి మార్కులు తగ్గించాను. అయినా డబ్బా టీవీ మీద ఆ వెలుగు చూస్తుంటే మనసు అటే లాగింది. ఎల్‌ఈడీ మీద మాత్రం దీనికే అన్నిటికంటే ఎక్కువ నష్టం జరిగింది. దూరపు కొండలు, పచ్చిక అన్నీ కలిసి ముద్దయిపోయాయి.

బాబాయి ఓటు గాడ్ ఆఫ్ వార్ 2కి. ఇది 2007లో, దీని తర్వాతి మిషన్ పీఎస్3 మార్కెట్లోకి వచ్చాక వచ్చిన ఆట. మొదట్లోనే రోడ్స్ నగరం మీద కంచు విగ్రహం లేచి మీదకొస్తుంది. ఇందులో కెమెరాని మనం తిప్పలేం. ఎక్కడి నుంచి ఏం చూపించాలో తయారు చేసినవాళ్లే నిర్ణయించేశారు. మనకి కనపడని వైపు మీద ఒక్క చుక్క కూడా వృథా చెయ్యకుండా శక్తంతా ఎదురుగా పెట్టారు. అందుకే అంత నిండుగా ఉండి కూడా వేగంగా నడుస్తుంది. తెలివైన పని. కాకపోతే నాకు ఎప్పుడూ ఒకరు చూపించింది చూస్తున్నట్టే ఉంటుంది, నేను వెతికి చూసినట్టు ఉండదు.

గ్రాన్ టురిస్మో 4 వేగంగా వెళ్తున్నంతసేపూ నిజం రోడ్డే. కారు ఆపితే చెట్లు అట్టముక్కలని తెలిసిపోతుంది. రేసు ఆటకి అది న్యాయమైన బేరమే, ఆపి చెట్లు చూడమని ఎవరూ చెప్పరు. బ్లాక్ (2006) అనే కాల్పుల ఆట తుపాకీ పొగకీ, పగిలే గోడలకీ మంచి మార్కులు తెచ్చుకుంది.

బాబాయి షాపు నడిచిందే జీటీఏ శాన్ ఆండ్రియాస్ అనే ఆట మీద. దాన్ని ఎలా తూచాలో తెలియక కాసేపు పక్కన పెట్టాం. మనుషుల మొహాలు, చేతులు చూస్తే పైన చెప్పిన వేటికీ సాటిరాదు. కానీ మూడు నగరాలు, మధ్యలో పల్లెలు, ఎడారి, ఇంత జాగాలో ఊరి నుంచి ఊరికి ఎక్కడా లోడింగ్ తెర పడకుండా డిస్కు మీంచి తెచ్చుకుంటూ నడుస్తుంది. సాయంత్రం పూట ఆ నారింజరంగు మబ్బు దూరాన్ని మూసేసి మిషన్ పరువు కాపాడుతుంది. అందానికి కాదు, ఆ పనితనానికి పదిలో చోటిచ్చాం.

ఒకామి (2006) దగ్గర మేనల్లుడు కదల్లేదు. తెల్ల తోడేలు పరిగెడుతుంటే వెనక పూలు మొలుస్తాయి. అంతా జపాన్ సిరా బొమ్మలా నల్లటి గీతలతో, చేతితో చేసిన కాగితం మీద వేసినట్టు ఉంటుంది. మొదట దీన్ని నిజంలా కనిపించేలా చెయ్యాలనుకుని, మిషన్‌కి బరువు ఎక్కువై ఆ దారి వదిలేశారు. వదిలెయ్యడం ఎంత మంచిదైందో ఇన్నేళ్ల తర్వాత రెండు టీవీలూ పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. ఎల్‌ఈడీ మీదకి మార్చినా పెద్దగా చెడని ఆట ఇదొక్కటే. టెక్స్‌చర్ తక్కువుందన్న సంగతే గుర్తురాదు, ఎందుకంటే ఖాళీ కాగితం కూడా ఆ బొమ్మలో భాగమే.

2009లో హైదరాబాద్‌లో తయారైన హనుమాన్: బాయ్ వారియర్ కూడా పెట్టెలో దొరికింది. వీటి పక్కన అది నిలబడదు. అయినా మన దగ్గర పీఎస్2కి ఆట చేసిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. అందుకే మార్కులు లేకుండానే ఉంచేసుకున్నాను. బాబాయి కూడా సరేనన్నాడు.

చివరికి ఒకే మొదటి స్థానం కుదరలేదు. బాబాయి గాడ్ ఆఫ్ వార్ 2 అన్నాడు, మేనల్లుడు ఒకామి అన్నాడు. నేను మాత్రం మెటల్ గేర్ సాలిడ్ 2 అన్నాను, ఇప్పటికీ అదే అంటాను. మిగతావి మిషన్‌ని చివరిదాకా పిండి సాధించాయి. ఇది మిషన్‌కి ఏది చేతనవునో ముందే పసిగట్టి, అదే అడిగింది. వానకీ వెలుగుకీ ఇచ్చి, గోడల్ని నున్నగా వదిలేసింది. రెండో స్థానం, నెమ్మదిగా నడిచినా సరే, షాడో ఆఫ్ ది కొలోసస్‌దే.

ఉంచుకున్నవాటి కవర్ల మీద స్కెచ్ పెన్నుతో గుర్తులు పెట్టాను. ఒకామి మీద "ఏ టీవీ అయినా" అని, కొలోసస్ మీద "డబ్బా టీవీ మాత్రమే" అని, గాడ్ ఆఫ్ వార్, గ్రాన్ టురిస్మోల మీద "లెన్స్ బాగుంటేనే" అని. మిగతా డిస్కులూ, ఆన్ అవ్వని ఆ మిషనూ బొబ్బిలి నుంచి వచ్చిన ఒక కుర్రాడు తీసుకెళ్లాడు. విడిభాగాలకి పనికొస్తుందని చెబితే, లేదు, బాగు చేయించి ఆడతానన్నాడు. డబ్బా టీవీ నా దగ్గరే ఉంది.