నీటి గాజు గొట్టం కారుతుంటే నట్టు బిగించకండి

మోడల్ ఆవిరి ఇంజన్‌లో గేజ్ గాజు, అంటే బాయిలర్‌లో నీటి మట్టం చూపించే గొట్టం, దాని దగ్గర చుక్క కనబడగానే చెయ్యి స్పానర్ మీదకు పోతుంది, నేనూ అదే చేశాను, ప్రెజర్ ఉండగానే ఇంకాస్త బిగించాను, గాజు టప్పున పగిలింది. బాయిలర్ చల్లారాకే ముట్టుకోవాలి.

అసలు కారణం చాలాసార్లు నట్టు కాదు, గాజును పైన కింద పట్టి ఉంచే రెండు ఫిట్టింగులు ఒకే గీతలో లేకపోవడం. గాజు తీసేసి, అదే మందం ఉన్న నిటారు కడ్డీని పైనుంచి కిందికి దించి చూడండి. నాది కింద ఫిట్టింగ్‌లోకి దిగేటప్పుడు ఒక పక్కకి రాసుకుంది, వెంట్రుకవాసి తేడా, కానీ సీల్ (గాజు చుట్టూ కారకుండా ఉంచే ఓ-రింగు) ఒకవైపే నలిగిపోవడానికి అది చాలు.

పాత ఓ-రింగులు రాయిలా గట్టిపడి ఉంటాయి, సిలికాన్‌వి కొత్తవి వేయండి. గాజు కోసిన అంచు పదునుగా ఉంటే కొత్త రింగు ఎక్కించేటప్పుడే కోసుకుపోతుంది, మంట మీద తిప్పుతూ కాస్త నునుపు చేయాలి. పొడవు కూడా చూసుకోండి, వేడికి సాగడానికి చివర కొంచెం ఖాళీ ఉండాలి, అలాగని గాజు పైకి జరిగి ఆవిరి దారిని మూసేయకూడదు. నట్టు వేళ్లతో బిగించి, స్పానర్‌తో పిసరంత చాలు.

పై సీల్ దగ్గర ఆవిరి కారితే గాజులో నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి, నాకు అన్నిటికంటే టెన్షన్ అదే. అందుకే నిప్పు పెట్టేముందు చేతిపంపుతో చల్లటి నీళ్లు ఎక్కించి, గాజు చుట్టూ టిష్యూ కాగితం తిప్పి చూస్తాను.