1050 టీఐ ఇప్పుడు కొనొచ్చా? మా కడప లెక్క వేరే

జీటీఎక్స్ 1050 టీఐ అనే ఎన్విడియా గ్రాఫిక్ కార్డు గురించి ఎవురిని అడిగినా "అది ఎప్పుడో అయిపోయింది, వదిలెయ్" అంటారు. వాళ్లు చెప్పేది అబద్ధమేం కాదు, 2016 అక్టోబర్‌లో 139 డాలర్లకి వచ్చిన కార్డు అది. కానీ మా కడపలో చానా మంది ఇండ్లల్లో ఉండే పీసీలు ఒకసారి ఇప్పి చూడండప్పా, ఆఫీసుల్లో వాడి తీసేసిన సెకండ్ హ్యాండ్ బ్రాండెడ్ డబ్బాలు, లోపల చిన్న ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే డబ్బా), గ్రాఫిక్ కార్డుకి విడిగా పవర్ ఇచ్చే వైరే ఉండదు. మా చిన్నాయన కొడుకు కూడా అట్లాంటిదే తెచ్చుకోని "అన్నా, దీంట్లో ఏ కార్డు ఏస్తే గేములు ఆడతాయి" అంటే నేను దీని పేరే చెప్పినా.

ఎందుకంటే ఇది తినేది 75 వాట్లే. మదర్‌బోర్డు మీద పెద్ద స్లాట్ ఉంటాది కదా, అది ఇయ్యగలిగేదీ అంతే, కాబట్టి చానా మోడళ్లకి వేరే కనెక్షనే అక్కర్లేదు, గుచ్చి స్క్రూ బిగించి డ్రైవర్ ఏసుకుంటే అయిపాయ. ఏఎండీ వాళ్ల ఆర్ఎక్స్ 570 కార్డు కూడా దాదాపు అప్పటిదే, స్పీడులో దీనికన్నా చానా ముందు, ఒప్పుకుంటా, కానీ అది 150 వాట్లు లాగుతాది, దానికోసం ఎస్ఎంపీఎస్ మార్చల్ల, బ్రాండెడ్ డబ్బాల్లో మామూలు ఎస్ఎంపీఎస్ ఒక్కోసారి పట్టదు, కనెక్టరే వేరే ఉంటాది, ఇంక యూపీఎస్ కూడా పెద్దది కావల్ల. ఎండాకాలం మధ్యాన్నం కరెంటు ఎప్పుడు పోతాదో తెలీని ఊర్లో 600 వీఏ యూపీఎస్ మీద మొత్తం సిస్టం నిలబడి, సేవ్ చేసుకోని ఆపుకునేంత టైం దొరకడం అంటే నాకు పది ఎఫ్‌పీఎస్ (సెకనుకి తెర మీద వచ్చే ఫ్రేములు) ఎక్కువ రావడం కన్నా అదే ముఖ్యం. బయట నలభై రెండు డిగ్రీలు ఉన్నప్పుడు రూములో ఇంకో హీటర్ పెట్టుకున్నట్టు ఉండదు కూడా.

లోపల ఏముందంటే పాస్కల్ అనే తరం ఎన్విడియా చిప్పు, లెక్కలు చేసే 768 క్యూడా కోర్లు, 128 బిట్ బస్సు (మెమరీకి దారి) మీద 4 జీబీ జీడీడీఆర్5 మెమరీ. ఆ 4 జీబీనే దీన్ని ఇన్నేండ్లు బతికిచ్చింది. టీఐ లేని ఉత్త 1050 మొదట 2 జీబీతోనే వచ్చింది, 640 కోర్లు, అది మాత్రం ఎంత తక్కువకిచ్చినా వద్దు, కొత్త గేముల్లో టెక్స్చర్లకే మెమరీ సరిపోక ఆగి ఆగి నడుస్తాది. అమ్మేవాళ్లు రెండింటినీ "1050" అనే అంటాంటారు, అడిగి తెలుసుకోండి.

గేముల సంగతికొస్తే జీటీఏ ఫైవ్ 1080పీలో హై సెట్టింగ్స్ పెట్టినా హాయిగా ఆడొచ్చు, వాలొరెంట్‌కి ఇబ్బందే లేదు. పెద్ద కొత్త గేములకి లోలో పెట్టి, ఎఫ్ఎస్ఆర్ (చిన్న సైజులో గీసిన బొమ్మని పెద్దది చేసి స్పీడు పెంచేది) ఆన్ చేసుకోని ముప్పై ఎఫ్‌పీఎస్ కోసం పాకులాడల్ల. తమాషా ఏందంటే అట్లాంటి పనే చేసే ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ ఎన్విడియా కార్డే అయిన దీంట్లో పనిచెయ్యదు, దీన్ని ఆదుకునేది ఏఎండీ వాళ్ల ఎఫ్ఎస్ఆర్. రే ట్రేసింగ్ (వెలుతురు, నీడలు నిజంలా లెక్కగట్టేది) హార్డ్‌వేర్ తప్పనిసరి అనే గేములు ఇప్పుడు వస్తాండాయి, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

పెండ్లి వీడియోలు ఎడిట్ చేసేవాళ్లకి ఇంకో మాట. దీంట్లో ఎన్వెంక్ అని వీడియో ఎన్‌కోడ్ చేసే భాగం ఉంది, హెచ్.264, హెచ్.265 రెండు వీడియో ఫార్మాట్లూ కార్డే ఎన్‌కోడ్ చేస్తాది, పాత ప్రాసెసర్ మీద ఎక్స్‌పోర్ట్ పెట్టి టీ తాగి రావల్సిన బాధ చానా తగ్గుతాది. ఏవీ1 అనే కొత్త వీడియో ఫార్మాట్ మాత్రం దీనికి రాదు, ఆ వీడియోలు వస్తే బరువంతా ప్రాసెసర్ మీదే పడతాది.

సెకండ్ హ్యాండ్‌లో నకిలీలు ఉండాయి, జాగ్రత్త. పాత చిప్పు కార్డుకి బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి 1050 టీఐ అని చూపిస్తారు. వెనకాల నీలం వీజీఏ పోర్టు కనపడిందంటే అనుమానించండి, పాస్కల్ చిప్పులో వీజీఏకి కావల్సిన అనలాగ్ అవుట్‌పుటే లేదు. జీపీయూ-జెడ్ అని చిన్న సాఫ్ట్‌వేర్ ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఏసుకోని పొండి, అట్లాంటి వాటిల్లో చానా వాటిని పేరు ముందరే ఫేక్ అని పెట్టి చూపిస్తాది. సన్న క్యాబినెట్ అయితే లో ప్రొఫైల్ (పొట్టి) మోడల్ అడగండి, మామూలుది పట్టదు.

ఇంక డ్రైవర్ల విషయం. పాస్కల్‌కి గేమ్ రెడీ డ్రైవర్లు (కొత్త గేములకి తగ్గట్టు ఇచ్చే అప్‌డేట్లు) 2025 అక్టోబర్‌తో ఆపేసినారు, 2028 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇస్తామన్నారు. అంటే ఉన్న గేములకి ఏం కాదు, రేపు వచ్చే వాటికి గ్యారంటీ లేదు. అందుకే ధరలో పెద్ద తేడా లేకుండా జీటీఎక్స్ 1650 దొరికితే కండ్లు మూసుకోని అదే తీసుకోండి, 2019 ది, 896 కోర్లు, తినేది అదే 75 వాట్లు. కాకపోతే కొన్ని మోడళ్లకి 6 పిన్ కనెక్టర్ పెట్టినారు, అది లేనిదే ఏరుకోండి.